ఉపమానము నుండి నమూనాకు: శాస్త్రతర్కమున సాదృశ్య విచారము

సాదృశ్యము కావ్యమునకు మాత్రమే చెందిన సొత్తని సాహిత్యవిద్యార్థులలో నొక యభిప్రాయము కలదు. ముఖము చంద్రునివంటిదని కవి చెప్పినచో నది యలంకారము. పరమాణువు సౌరకుటుంబము వంటిదని భౌతికశాస్త్రజ్ఞుడు చెప్పినచో నది శాస్త్రము. ఈ రెంటికిని పొత్తు లేదని వారి తలంపు. ఈ తలంపు సరికాదని చూపుట యీ వ్యాసమున నా మొదటి ఉద్దేశము. మన యాలంకారికులును నైయాయికులును సాదృశ్యమును గూర్చి చేసిన సూక్ష్మవిభాగములు నేటి శాస్త్రములందలి నమూనాలను, విశేషించి కృత్రిమ మేధ యని వ్యవహరింపబడుచున్న యంత్రవిద్యను, పరీక్షించుటకు మిక్కిలి యుపకరించునని నిరూపించుట రెండవది.

నా సిద్ధాంతమును ముందుగానే సంగ్రహముగా జెప్పెదను. నమూనా ఉపమగా నున్నంతవరకు జ్ఞానసాధనము. అది రూపకమైనప్పుడు వ్యవహారసౌలభ్యము కలుగును గాని జాగరూకత సన్నగిల్లును. అది యతిశయోక్తిగా మాఱినప్పుడు ప్రమాదము మొదలగును. దీనిని సమర్థించుటకు వలయు దృష్టాంతములలో ననేకమును ఉత్తర తెలంగాణమునుండి, అనగా నాటి కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల నుండి గ్రహించితిని. నేను పాఠము చెప్పు విద్యార్థులలో బలువురు ఆ ప్రాంతమువారు. ఈ చర్చవలని లాభనష్టములు మొట్టమొదట వారివే.

'నమూనా' యను మాట పారసీకమునుండి మన వ్యవహారమునకు వచ్చినది. వడ్రంగి, దర్జీ, కచేరీ గుమాస్తా, అందఱకును పరిచితమైనది. శాస్త్రమున దానికి బ్రత్యేకార్థము గలదు. ఒక వస్తువును నేరుగా దెలిసికొన వీలుకానప్పుడు, దానికి బదులుగా మనకందుబాటులో నున్న వేఱొక వస్తువును నిలిపి, దానిపై విచారము సలిపి, ఆ ఫలమును మొదటి వస్తువునకు అన్వయించుట నమూనాతర్కము. ఇందు మూడు మెట్లు గలవు: నిలుపుట, విచారించుట, మరలించుట. మొదటి రెండు మెట్లలో బొరపాటు జరిగినచో సాధారణముగా బయటపడును. మూడవ మెట్టున జరిగిన పొరపాటు చాలకాలము కనబడదు. మన విచారమంతయు నీ మూడవ మెట్టును గూర్చియే.

న్యాయశాస్త్రమున సాదృశ్యమునకు రెండు తావులు గలవు. మొదటిది ఉపమానప్రమాణము. గవయము నెఱుగని నగరవాసికి అడవిలో మసలువాడొకడు అది గోవును బోలియుండునని చెప్పును. ఇతడు పిమ్మట నడవికేగి, గోవు వంటి మృగమును జూచి, విన్న మాటను దలచుకొని, ఇదియే గవయమని గుర్తించును. తెలుగువాడైన అన్నంభట్టు పదునేడవ శతాబ్దమున బాలుర కొఱకు రచించిన తర్కసంగ్రహమునను ఈ సంప్రదాయసిద్ధమైన యుదాహరణమే కలదు. గమనింపదగినదేమనగా, ఇచ్చట ఫలము మిక్కిలి పరిమితము. పేరునకును వస్తువునకును గల సంబంధము మాత్రమే తెలియును. గవయము కాడికి వంగునా, ఇంటి గడపకు వచ్చునా యను ప్రశ్నలకు ఉపమానము బదులు చెప్పదు. గోవు వంటిది గనుక గోవు చేయు పనులన్నియు జేయుననుకొన్నవాడు నైయాయికుడు గాడు.

రెండవ తావు అనుమానమునందలి దృష్టాంతము. పర్వతముపై బొగ కనబడుచున్నది; కావున నచ్చట నిప్పు గలదు; వంటయింటిలో వలె. ఇచ్చట వంటయిల్లు పర్వతమునకు నమూనా. అయినను పర్వతము వంటయింటి వంటిదని ఏ తార్కికుడును జెప్పలేదు. పర్వతమున గోడలు లేవు, గిన్నెలు లేవు. పొగకును నిప్పుకును గల వ్యాప్తి యొక్కటే వంటయింటి నుండి పర్వతమునకు మరలింపబడుచున్నది. తక్కినవన్నియు విడువబడినవి. సాధ్యమున్నదో లేదోయను సందేహమున్నచోటు పక్షము. అది యున్నట్లు నిశ్చయమైనచోటు సపక్షము. లేనట్లు నిశ్చయమైనచోటు విపక్షము. పర్వతము, వంటయిల్లు, చెఱువు, ఈ మూడును వరుసగా వీని యుదాహరణములు. విపక్షమును గూడ జూపనిదే అన్వయవ్యతిరేకి యైన హేతువు నిలువదని శాస్త్రనియమము. నిప్పు లేని చెఱువుపై బొగ లేదని చూపవలెను.

ఆంగ్లదేశపు తత్త్వశాస్త్రజ్ఞురాలు మేరీ హెస్ 1963లో శాస్త్రములందలి నమూనాలను గూర్చి యొక చిన్న గ్రంథమును వెలువరించెను. నమూనాయందును నమూనేయమందును గల ధర్మములను ఆమె మూడు రాసులుగా విడదీసెను. వాయువులోని అణువులను బిలియర్డ్సు బంతులతో బోల్చితిమనుకొందము. చలనము, ఢీకొనుట అను ధర్మములు రెంటను గలవు. రంగు, నునుపు మొదలైనవి బంతులకే గలవు, అణువులకు లేవు. ఉన్నవో లేవో యింకను దెలియనివి మూడవ రాశి. శాస్త్రము ముందునకు సాగునది యీ మూడవ రాశి వలననే యని యామె వాదము. అక్కడనే క్రొత్త ప్రశ్నలు పుట్టును, ప్రయోగములు పుట్టును.

ఈ మూడు రాసులను పక్షసపక్షవిపక్షములతో బోల్చుట నాకు సమంజసముగా దోచుచున్నది. కాని యీ పోలికయు నొక ఉపమయే గనుక, నేను ప్రతిపాదించు నియమమును నాకే వర్తింపజేసికొనవలెను. సపక్షవిపక్షములు వస్తువులు, హెస్ చెప్పినవి ధర్మములు. నైయాయికునకు వ్యాప్తినిశ్చయము లేనిదే యనుమానము లేదు. ఆమెకు నది లేకున్నను పోలిక పరిశోధనకు దారి చూపగలదు. సామ్యము ఒక్కటే: సందేహస్థానమును సందేహస్థానముగా గుర్తించి యుంచుట. తెలిసినదానిని తెలియనిదానితో గలిపివేయరాదను క్రమశిక్షణ యిరువురికిని సమానము.

ఈ క్రమశిక్షణ యెట్లు సడలిపోవునో తెలిసికొనుటకు అలంకారశాస్త్రము తోడ్పడును. ఓరుగల్లు ప్రతాపరుద్రుని యాస్థానమున విద్యానాథుడు ప్రతాపరుద్రీయమును రచించిన నాటికే సాదృశ్యమూలములైన యలంకారములు చక్కగా వర్గీకరింపబడియున్నవి. వాని తారతమ్యమును గోదావరిపై నొక సామాన్యోదాహరణముతో జూపెదను. 'నది పామువలె వంకరలు తిరుగుచున్నది' యన్నచో ఉపమ. నదియు గలదు, పామును గలదు, నడుమ 'వలె' యను కాపరి గలడు. 'నదీసర్పము వంకరలు తిరుగుచున్నది' యన్నచో రూపకము. రెండును గలవు గాని కాపరి తొలగెను; అభేదము ఆరోపింపబడెను. 'పాము లోయలో బ్రాకుచున్నది' యన్నచో అతిశయోక్తి. నది పేరే లేదు. ఉపమానము ఉపమేయమును మ్రింగినది. ఇక నా మాట విని కఱ్ఱ తీసికొని బయలుదేరినవానిది భ్రాంతి.

భ్రాంతిమంతమను నలంకారము కూడ గలదు గదా యని యెవరైన నడుగవచ్చును. కలదు. కాని యచ్చట భ్రమపడునది పాత్ర, కవి భ్రమపడడు. కవి భేదమును దెలిసియే మఱపించును, సహృదయుడు తెలిసియే మఱచును. అందువలననే యది రసహేతువు. శాస్త్రజ్ఞుడు తన నమూనాకు దానే లోబడినచో అది యలంకారము గాదు, దోషము. కావ్యమున ఉపమ కంటె రూపకమును, రూపకము కంటె అతిశయోక్తియు మిక్కిలి చమత్కారజనకములని యనేకుల యభిప్రాయము. శాస్త్రమున నీ సోపానక్రమము తలక్రిందులగును. విమర్శకుడు గుర్తింపవలసిన ముఖ్యభేద మిదియే.

ఇక ప్రత్యక్షోదాహరణములు. ప్రాణహితా గోదావరుల లోయలో భూగర్భశాస్త్రజ్ఞులు కోటా స్తరములని పిలుచు శిలలు గలవు. అవి జురాసిక్ యుగమునకు జెందినవి. ఈ లోయలోని పోచంపల్లి గ్రామ పరిసరములలో (ఇది చేనేతకు బేరొందిన పోచంపల్లి గాదు) 1958 మొదలుకొని కలకత్తాలోని భారత గణాంక సంస్థవారి పరిశోధకులు మహాకాయమైన యొక జంతువు ఎముకలను కనుగొనిరి. అవి సుమారు 300. కనీసము ఆఱు జంతువులవి. 1975లో దానికి బరపాసారస్ టాగోరై యని నామకరణము జరిగినది. వంగభాషలో పెద్దకాలను నర్థమిచ్చు మాటలును, రవీంద్రకవి పేరును అందు గలవు. నాటి ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి యొద్ద 1970ల దశకమున మఱియొక జంతువునకు జెందిన 840 అస్థిభాగములు లభించినవి. అవి పండ్రెండింటికి దక్కువగాని జంతువులవి. భారత భూగర్భ సర్వేక్షణకు జెందిన పి. యాదగిరి 1988లో దానిని కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని వర్ణించెను. హైదరాబాదులోని బిర్లా విజ్ఞానకేంద్రమున నిలిపిన యస్థిపంజరము దీనిదే.

ఆ పంజరమెదుట నిలిచిన బాలుడు ఒక జంతువును జూచుచున్నానని తలచును. నిజమునకు వాడు చూచునది యొక వాదము. పెక్కు జంతువుల యెముకల నుండి యొక దేహము కల్పింపబడినది. ఒకదాని తొడయెముకయు మఱియొకదాని వెన్నుపూసయు నొకే కొలతకు జెందునని యెంచుట యొక యనుమానము. కోటాసారస్ పుఱ్ఱెలో రెండు దంతములు దప్ప వేఱేమియు దొరకలేదు. దొరకని తలను సజాతీయ జంతువులను జూచి యూహింపవలసినదే. ఇచ్చట సజాతీయ జంతువులు సపక్షము, ఈ తల పక్షము. ఇంతవరకు నిది నిర్దుష్టమైన తర్కము. శాస్త్రజ్ఞులు తమ ప్రకరణములలో నేది దొరకినదో, ఏది యూహించినదో వేఱువేఱుగా వ్రాయుదురు. అచ్చట 'వలె' నిలిచియున్నది. ప్రదర్శనశాలలో నది కనబడదు. ఎముకయు నచ్చుబోసిన పూరకమును నొకే రంగున నిలిచినచో ఉపమ మన కన్నులయెదుటనే అతిశయోక్తి యగుచున్నది.

మన తెలుగుమాట 'రాక్షసబల్లి' కూడ నిట్టిదే. ఆంగ్లశాస్త్రజ్ఞుడు ఓవెన్ 1842లో గ్రీకుధాతువులతో గూర్చిన పేరునకు నది యనువాదము. ఈ జంతువులు బల్లులు గావు. వానికి మొసళ్లతోను, అంతకంటె దగ్గఱగా పక్షులతోను బాంధవ్యము గలదని నేటి శాస్త్రము. పేరు పెట్టిననాడు బల్లి యొక ఉపమానము మాత్రమే. పేరు స్థిరపడిన పిదప బాలుర మనసులలో నది జాతినిర్ణయమైనది. పారిభాషికపదమునందు దాగిన రూపకము ఎంతకాలము తప్పుదారి పట్టింపగలదో తెలుపుటకు నింతకంటె మంచి యుదాహరణము నాకు గనబడలేదు.

రెండవ యుదాహరణము నదికి సంబంధించినది. ఆనకట్ట కట్టుటకు ముందు ఇంజనీర్లు ప్రయోగశాలలో నదికి చిన్న నమూనా నిర్మించి నీరు పాఱింతురు. యాబదవవంతు కొలతతో నిర్మించినచో, గురుత్వాకర్షణ ప్రధానమైన ప్రవాహములకు విధింపబడిన ఫ్రూడ్ నియమము ననుసరించి, నీటి వేగము ఇంచుమించు ఏడవవంతుగా నుండవలెను. ఇది తెలిసిన సాధర్మ్యము. కాని యిసుక మాట యట్లు గాదు. అరమిల్లీమీటరు రేణువును యాబదవవంతునకు దగ్గించినచో నది యిసుకగా నుండదు. మెత్తని యొండ్రు అగును, అంటుకొను గుణము వచ్చును. నీరు నమూనాకు లొంగును, ఇసుక లొంగదు. ఈ వైధర్మ్యమును మంచి యింజనీరు ఎఱిగియే తన లెక్కలను సవరించుకొనును.

నాటి కరీంనగరము జిల్లాలోని మేడిగడ్డ యొద్ద గోదావరిపై నిర్మించిన బ్యారేజీలో 2023 అక్టోబరు 21న కొన్ని స్తంభములు క్రుంగినవి. జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ పంపిన నిపుణులసంఘము ప్రణాళిక, రూపకల్పన, నాణ్యత, నిర్వహణ అను పెక్కింటిలో లోపముల నెన్నుచు, పునాది క్రింది యిసుక కదలిపోవుటను బేర్కొనినది. దీనికి నమూనాయే కారణమని చెప్పుట నా యుద్దేశము గాదు. ఆ నిర్ణయము నిపుణులది. సాహిత్యవిద్యార్థిగా నేను గ్రహించు పాఠ మొక్కటే: కాగితముపై గాని తొట్టిలో గాని నిలిచిన నదికిని, నిజమైన నదికిని నడుమ 'వలె' యనుమాట నిర్మాణము ముగిసిన తరువాత గూడ నిలిచియుండవలెను. నది ఉపమేయము. అది మన యుపమానము నెన్నడును జదువదు.

నమూనాను ఎంతకాలము పట్టుకొని యుండవలెను, ఎప్పుడు విడువవలెననునది వేఱొక ప్రశ్న. దీనికి స్కాట్లండుదేశస్థుడగు మాక్స్‌వెల్ మహాశయుని చరిత్ర ప్రసిద్ధము. 1861, 1862 సంవత్సరములలో నతడు అయస్కాంతశక్తిని వివరించుటకు అంతరాళమంతయు సుడులతోను, వాని నడుమ దిరుగు చిన్న చక్రములతోను నిండియున్నట్లు ఒక నమూనా కల్పించెను. ప్రకృతిలో నట్టి చక్రములు గలవని తాను నమ్ముట లేదని యతడే స్పష్టపఱచెను. ఆ నమూనాపై విచారించుచునే కాంతియు విద్యుదయస్కాంత తరంగమే యను భావమును జేరెను. 1865 నాటి వ్యాసమున చక్రములు లేవు. సమీకరణములు మాత్రమే నిలిచినవి.

ఇట్టి త్యాగము మన ప్రాంతపు శిల్పులకు నిత్యానుభవము. ఆదిలాబాదు సీమలోని ఉషేగావ్, కేస్లాగూడ గ్రామముల ఓజులు డోక్రా పనితనమునకు బేరొందినవారు. 2018లో నీ కళకు భౌగోళిక గుర్తింపు లభించినది. మట్టితో లోపలి యాకారమును జేసి, దానిపై మైనపు పోగులతో రూపమును దీర్చి, మరల మట్టి కప్పి కాల్తురు. మైనము కరగిపోవును. ఆ ఖాళీలో నిత్తడి పోయుదురు. తుదకు పైమట్టియు బగులగొట్టబడును. మైనములో నెంత నేర్పు చూపినను అది మిగులదు. మైనము వంటి మెత్తదనము నిత్తడికి రాదు. వచ్చునది రూపము మాత్రమే. ఏ ధర్మము మరలినదో, ఏది కరగిపోయినదో శిల్పికి సందేహము లేదు. శాస్త్రమున నమూనాతర్కము ఇంత నిర్మలముగా సాగినచో విమర్శకునకు బని యుండదు.

ఇప్పుడు యంత్రమేధ. 1943లో మెకలక్, పిట్స్ అను నిరువురు అమెరికాదేశమున నాడీకణమునకు నొక గణితనమూనా కూర్చిరి. వచ్చు సంకేతములను గూడి, మొత్తము ఒక హద్దు దాటినచో తాను సంకేతము పంపునది యొక కణము. నాడీకణము ఇంతకంటె నెంతయో జటిలమైనదని యందఱకును దెలియును, వారిది సాహసోపమ. 1958లో రోజెన్‌బ్లాట్ ఇట్టి కణములతో నేర్చుకొను యంత్రమును ప్రతిపాదించెను. 1986లో రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ పెక్కు పొరలుగల జాలములో తప్పును వెనుకకు బంపి సంఖ్యలను దిద్దుపద్ధతిని వ్యాప్తిలోనికి దెచ్చిరి. ఇంతలో 'నాడీకణము వంటి గణితసూత్రము' అనునది 'కృత్రిమ నాడీకణ'మై, పిదప విశేషణమును గోల్పోయి 'నాడీజాల'మైనది. సంఖ్యలను సవరించుట 'అభ్యసన'మైనది. అభ్యసనఫలము 'మేధ'యైనది. ఉపమ రూపకమై, రూపకము అతిశయోక్తియైన పరిణామము ఏబదియేండ్లలో గన్నులకు గట్టినట్లున్నది.

పేరుతో నేమి పని, పని జరిగిన జాలునని పూర్వపక్షము రావచ్చును. పని జరిగిన చోటులు గలవు. ప్రోటీన్ల యాకారమును ముందుగా నూహించు ఆల్ఫాఫోల్డ్ యంత్రము 2020లో జరిగిన నిష్పాక్షికపరీక్షలో గొప్ప ఫలితములు చూపెను. 2024లో దాని కర్తలగు హసాబిస్, జంపర్ రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానమును బేకర్‌తో బంచుకొనిరి. కాని యచ్చట రెండు విశేషములు గలవు. ప్రయోగముచే నాకారము నిర్ణీతమైనను యంత్రమునకు దెలుపబడని ప్రోటీన్లపై దానిని బరీక్షించిరి. మఱియు నా యంత్రము తన యూహలో నేభాగము నెంతవఱకు నమ్మవచ్చునో అంకెలతో దెలుపును. అనగా 'వలె' యను కాపరిని అది తోడుంచుకొన్నది. కాపరి యున్నచోట మా విమర్శ లేదు.

కాపరి లేనిచోట నేమి జరుగునో అన్నంభట్టు చెప్పిన ఉపాధి యను భావము వివరింపగలదు. నిప్పున్నచోట బొగ యుండునని యొకడనును. వంటయింట నున్నది నిజమే. కాని యెఱ్ఱగా కాలిన యినుపగుండునందు నిప్పు గలదు, పొగ లేదు. పొగకు గారణము పచ్చికట్టె. ఆ పచ్చికట్టెయే ఉపాధి, అనగా దృష్టాంతములలో దాగియుండి, పక్షమునకు రాకుండ మోసగించు నియమము. 2018లో ప్రకటితమైన యొక వైద్యపరిశోధన చూడుడు. ఊపిరితిత్తుల ఛాయాచిత్రములనుండి న్యుమోనియాను గుర్తించుటకు యంత్రమునకు శిక్షణ యిచ్చిరి. తనకు పరిచితమైన యాసుపత్రుల చిత్రములపై నది చక్కగా బనిచేసినది; క్రొత్త యాసుపత్రుల చిత్రములపై బెక్కుమాఱులు తడబడినది. చిత్రము ఏ యాసుపత్రిదో యంత్రము గుర్తుపట్టగలదనియు, రోగుల సంఖ్య యాసుపత్రిని బట్టి మాఱుటచే నా గుర్తే దానికి సాయపడియుండుననియు పరిశోధకులు కనుగొనిరి. ఆసుపత్రి గుర్తు పచ్చికట్టె. మూడు శతాబ్దములనాటి తెలుగుపండితుని పాఠ్యగ్రంథము ఈ దోషమునకు బేరు సిద్ధముగా నుంచినది.

భాషావిషయమున నీ ఉపాధి మనలను సూటిగా దాకును. 2022 నవంబరు నుండి సంభాషించు యంత్రములు లోకమునెల్ల నాకర్షించుచున్నవి. వానికి 'భాషానమూనా'లని పేరు. దేనికి నమూనా? భాషకని పేరు చెప్పుచున్నది. నిజమునకు నవి ప్రధానముగా లిఖితరూపమున సేకరింపబడిన భాషకు నమూనాలు. ఈ రెంటికి గల యంతరము తెలుగున జిన్నది గాదు. నా విద్యార్థి యొకడు తన యవ్వ చెప్పిన కథను లిఖించి, యక్షరదోషములు దిద్దుటకై యట్టి యంత్రమునకు నిచ్చెను. అది 'వచ్చిండు', 'పోయిండు' అను క్రియలన్నింటిని 'వచ్చాడు', 'పోయాడు' అని దిద్ది, 'అంబటాల్ల' యను మాటను ఒక కూర పేరని వ్యాఖ్యానించినది. అంబలి త్రాగు వేళయని విద్యార్థికి దెలియును. అయినను వాడు నాయొద్దకు వచ్చి, 'సార్, మా అవ్వ మాటల్ల గిన్ని తప్పులున్నయా?' యని యడిగెను.

ఆ ప్రశ్నకు సమాధానము తర్కశాస్త్రమున గలదు. యంత్రము చూచిన గ్రంథములు సపక్షము. అవ్వ మాట పక్షము, అనగా ఇంకను విచారింపవలసినది. యంత్రము దానిని విపక్షమున జేర్చినది. తాను చూడనిదానిని తప్పుగా లెక్కించినది. ఇది యంత్రముతో బుట్టిన దోషము గాదు. ఒక ప్రాంతపు లిఖితభాషయే తెలుగని పాఠ్యపుస్తకములు తలచిన కాలమున నిట్టి దిద్దుబాటు మనుష్యుల చేతులతోనే జరిగినది. భేద మేమనగా, పంతులు దిద్దినప్పుడు ఎదిరించి యడుగుటకు మనిషి యుండెను. నమూనా 'భాష'యను పేరు ధరించి దిద్దినప్పుడు, ఉపమేయమును మ్రింగిన యుపమానమునకు బదులు చెప్పువారెవ్వరు?

ఇదియే విద్యావిషయమునకు మనలను జేర్చుచున్నది. ఉపమానము ప్రసిద్ధమై యుండవలెనని యాలంకారికులు విధించిరి. ఎవరికి ప్రసిద్ధము? గవయోదాహరణమును మరల జూతము. అందు శ్రోత నగరవాసి. అతనికి గోవు తెలియును, గవయము తెలియదు. గవయము మన మనుబోతో మఱియొక మృగమో యను చర్చ యటుంచినను, కవ్వాల యడవి యంచున బెరిగిన గోండు బాలునకు అడవిమృగము పుట్టినప్పటినుండి పరిచితము. పాఠ్యపుస్తకమందలి లిఫ్టు, ట్రాఫిక్ దీపము, సముద్రపు టల అపరిచితములు. వానికి మనము విద్యుత్తును, ధ్వనితరంగమును ఆ యపరిచితములతో బోల్చి చెప్పుచున్నాము. తెలియనిదానిని తెలియనిదానితో బోల్చుచు, వానికి గ్రహణశక్తి తక్కువయని నిర్ణయించుచున్నాము. ఉపమ దోషమును శ్రోతపై నెట్టుచున్నాము.

ఈ దోషమును ముందే గుర్తించినవారు గలరు. 1940ల దశకమున మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ మార్లవాయి కేంద్రముగా గోండు యువకులకు నుపాధ్యాయశిక్షణ నిప్పించి, గోండీభాషలో వాచకములు సిద్ధపఱపించెను. మొదటి పాఠము బాలునకు దెలిసిన లోకమునుండి మొదలుకావలెనని యా ప్రయత్నపు సారము. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామమున వెలుగుచూచిన గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానము లభించినది. యంత్రమున నక్షరములకు జోటు దొరకినది. ఆ యక్షరములలో వ్రాయబడిన దృష్టాంతములు తగినన్ని చేరనిదే యంత్రమునకు గోండీ పక్షముగా నైనను గనబడదు.

కావున విమర్శకుడు, ఉపాధ్యాయుడు, అనువాదకుడు చేయదగిన పనులు మూడు నాకు దోచుచున్నవి. మొదటిది, పారిభాషికపదములను గూర్చునప్పుడు 'వలె' యను భావమును వీలైనంతవఱకు నిలుపుట. 'నాడీజాలము' మాట వాడుకలో నుండవచ్చును గాని, మొదటిసారి వాడినచోట నది నాడులవంటిదే గాని నాడులు గాదని చెప్పుట మన విధి. రెండవది, ప్రతి నమూనాపాఠము చివర సాధర్మ్యములతో బాటు వైధర్మ్యములను గూడ విద్యార్థిచే జెప్పించుట. పరమాణువు సౌరకుటుంబము వంటిదని నేర్చినవాడు, ఎచ్చట వంటిది గాదో రెండుమాటలు చెప్పలేనిచో, వాడు పరమాణువును నేర్వలేదు. ఒక రూపకమును నేర్చినాడు. మూడవది, నమూనా యేయే దృష్టాంతములనుండి పుట్టినదని యడుగుట. ఈ ప్రశ్న యస్థిపంజరమునకును, ఆనకట్టకును, భాషాయంత్రమునకును సమానమే.

ఇవి క్రొత్త పనులు గావు. ఉపమేయమేది, ఉపమానమేది, సమానధర్మమేది, వాచకమేదియని ప్రథమసంవత్సరపు విద్యార్థిచే బద్యములో గుర్తింపించు పాఠమిదియే. ఆ పాఠము పరీక్షకొఱకని వారనుకొందురు. నేనును జాలకాలము అట్లే చెప్పితిని. అవ్వ కథను దెచ్చిన విద్యార్థితో నా కాగితముపైననే యీ నాలుగింటిని గుర్తింపజేసితిని. ఉపమేయము అవ్వ మాట, ఉపమానము యంత్రము నేర్చిన తెలుగు, సమానధర్మము కొంత, వాచకము లోపించినది. వాడు దిద్దుబాట్లను గొట్టివేసి, 'వచ్చిండు' అని మరల వ్రాసికొని, 'అంబటాల్ల' ప్రక్కన దన చేతితో నర్థము వ్రాసెను.